పాత ట్రంకులో యుద్ధ ఖైదీ బిళ్ళ దొరికితే: తోమాలా, దాచాలా, ఇచ్చెయ్యాలా?

దసరాకు ముందు మన ఇళ్లలో ఇత్తడి సామానంతా కిందికి దించి చింతపండు, బూడిద పెట్టి తోముతారు కదా, మూడేళ్ల కింద హన్మకొండలో మా ఇంట్లో కూడా అదే పని నడుస్తోంది. అటక మీది పాత ట్రంకు కూడా దించారు. చెంబులు, బిందెల మధ్య ఒక పొగాకు డబ్బా ఉంది, దాంట్లో నల్లబడ్డ నూలు తాడుకు కట్టిన ఒక రేకు ముక్క. మా మేనత్త ఆ తాడు తెంపి చెత్తలో వేసి, రేకును కూడా చింతపండు పులుసులో నానబెట్టి పీచుతో గట్టిగా తోమింది. "అన్ని మెరుస్తున్నయి గని గీ ఒక్క రేకే ఇంకా నల్లగైతాంది బిడ్డా, ఏం రేకో ఏమో" అని తెచ్చి నా చేతిలో పెట్టింది.

అరచేతిలో సగం కూడా పట్టని దీర్ఘచతురస్రం. నడిమధ్య అడ్డంగా సన్నటి చీలికల వరుస, ఆ వరుసకు పైన ఏ అక్షరాలున్నాయో కింద కూడా అవే. స్టాలాగ్ అని, పక్కన రోమన్ నాలుగు, ఇంగ్లీషు డి అక్షరం, ఆ కింద ఒక నంబరు. మా తాతకు అన్న, మేము పెద్ద తాత అనేవాళ్లం, రెండో ప్రపంచ యుద్ధంలో పటాలంలో లారీ డ్రైవరుగా పోయి 1942లో ఉత్తర ఆఫ్రికాలో దొరికిపోయి, యుద్ధం అయిపోయాకే ఇల్లు చేరిన మనిషి. జర్మనీ ఖైదులో ఆయన మెడలో వేలాడిన బిళ్ళ అది. ఎనభై ఏళ్లు డబ్బాలో బాగానే ఉన్నది మా ఇంట్లో అరగంటలో పాడైంది, నంబరులో చివరి అంకె 3నో 8నో ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నాం.

అత్తమ్మది తప్పు కాదు, ఆమెకు తెలియదు, నాకూ అప్పుడు తెలియదు. ఆ తర్వాత ఈ మూడేళ్లలో చదివి, అడిగి, చేసి చూసి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మన వైపు చాలా ఇళ్లలో ఇలాంటి బిళ్ళలు ఇంకా ట్రంకుల్లోనే ఉన్నాయి. ప్రతి దశలోనూ మీ ముందు రెండు మూడు దారులు ఉంటాయి. ఏది ఎంచుకోవాలో తెలియనప్పుడు, రేపు వద్దనుకుంటే వెనక్కి తిప్పుకోగలిగే దారినే ఎంచుకోండి. నేను చెప్పే సలహాలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

ముందు అది ఏ బిళ్ళో తేల్చుకోండి

మన తెలంగాణలో నంబరు కొట్టిన ప్రతి రేకూ మిలిటరీది కాదు. ఇల్లందు, బెల్లంపల్లి, కొత్తగూడెం వైపు సింగరేణి కుటుంబాల్లో ఇత్తడి టోకెన్లు దొరుకుతాయి, గనిలోకి దిగేటప్పుడు దీపం తీసుకుని దానికి బదులు ఇచ్చే నంబరు బిళ్ళలు. మిల్లు కార్మికుల గేటు టోకెన్లు, రైల్వే కూలీల చేతి బిళ్ళలు, నిజాం కాలపు బిళ్ళబంట్రోతుల బిళ్ళలు, ఇవన్నీ కూడా చూడటానికి దగ్గరదగ్గరగానే ఉంటాయి. గుర్తు పట్టడం కష్టమేం కాదు. గని టోకెను సాధారణంగా ఇత్తడి, గుండ్రంగానో మూలలు కొట్టేసినట్టో ఉంటుంది, ఒకే నంబరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు, మధ్యలో విరిచే గీత ఉండదు. అది కూడా దాచుకోవాల్సిన వస్తువే, కానీ దాని చరిత్ర వేరు, వెతకాల్సిన చోటు వేరు.

మిలిటరీదే అనుకుంటే ఇప్పుడు అసలు ప్రశ్న, అది సైనికుడికి సొంత సైన్యం ఇచ్చిన బిళ్ళనా, పట్టుకున్న శత్రువు ఇచ్చిన బిళ్ళనా? చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

బ్రిటిష్ సైన్యం 1916 నుంచి జత బిళ్ళలు ఇచ్చింది, బ్రిటిష్ ఇండియన్ సైన్యంలోనూ అదే తరహా. ఒకటి ఆకుపచ్చ, ఎనిమిది మూలలది, ఇంకొకటి ఎర్రటిది, గుండ్రంగా ఉంటుంది. ఇవి లోహం కావు, గట్టిగా అదిమిన ఫైబరు, ముట్టుకుంటే మందపాటి అట్టలా అనిపిస్తుంది. మనిషి చనిపోతే ఆకుపచ్చది శవం మీదే ఉంచి ఎర్రది లెక్క కోసం తీసుకెళ్లేవారు. వాటి మీద నంబరు, పేరు, మతం గుర్తు ఉంటాయి. చెమటకు, కాలానికి ఆకుపచ్చ వెలిసి గోధుమ రంగుకు వస్తుంది, కాబట్టి రంగు చూసి మోసపోకండి, ఆకారం చూడండి. ఇలాంటిది దొరికితే ఆయన సైనికుడని తెలుస్తుంది, అంతే. ఖైదీ అని ఈ బిళ్ళ ఒక్కటే చెప్పదు.

జర్మన్ ఖైదు బిళ్ళ మాత్రం చెబుతుంది. ఎక్కువగా జింక్ రేకు, సుమారు 6 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, మధ్యలో విరవడానికి చీలికలు. ఖైదీ చనిపోతే సగం విరిచి తీసుకుని సగం శవంతో వదిలేవారు, అందుకే రెండు సగాల మీదా ఒకే సమాచారం. స్టాలాగ్ అంటే మామూలు సైనికుల క్యాంపు, ఆఫ్లాగ్ అంటే అధికారులది, డూలాగ్ అంటే దారిలో ఆపి విచారించే క్యాంపు, స్టాలాగ్ లుఫ్ట్ అంటే విమాన దళం వాళ్లది. రోమన్ అంకె జర్మనీలోని సైనిక జిల్లాను చెబుతుంది, నాలుగు అంటే డ్రెస్డెన్, ఎనిమిది అంటే అప్పటి బ్రెస్లావ్, ఏడు అంటే మ్యూనిక్. పక్కన అక్షరం ఆ జిల్లాలో ఏ క్యాంపో చెబుతుంది. నాలుగు-డి కింద అన్నాబుర్గ్ అనే ఊళ్లో భారతీయ ఖైదీలను ఉంచారు, సుభాష్ చంద్రబోస్ జర్మనీలో కట్టిన ఇండియన్ లీజియన్ అనే సైనిక దళానికి మనుషుల్ని అడిగింది కూడా అక్కడి వాళ్లనే. మా పెద్ద తాత అందులో చేరాడా లేదా అన్నది ఈ బిళ్ళ చెప్పదు. మీ బిళ్ళ కూడా చెప్పదు, ఎవరైనా చూసిన వెంటనే చెప్పేస్తే నమ్మకండి.

ఇంకో సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోండి, బిళ్ళ మీద ఉన్న క్యాంపు మనిషిని మొదట నమోదు చేసిన క్యాంపు, అంతేగానీ ఆయన ఖైదంతా గడిపిన చోటు అనుకోవద్దు. క్యాంపు మారినా పాత నంబరే కొనసాగేది. పైగా క్యాంపుల పేర్లు కూడా మారాయి, లామ్స్‌డోర్ఫ్‌లోని ఎనిమిది-బి 1943లో 344 అయింది, ఎనిమిది-బి అన్న పేరు టెషెన్ అనే ఇంకో ఊరి క్యాంపుకు పోయింది. కాబట్టి మ్యాపు మీద ఒక చుక్క పెట్టి తాత ఇక్కడే ఉన్నాడని పిల్లలకు చెప్పేముందు కాగితాలు చూడండి.

జపాన్ వాళ్లకు దొరికిన మనుషుల సంగతి పూర్తిగా వేరు. మన హైదరాబాద్ సంస్థానం కుటుంబాలకు ఇదే ఎక్కువ దగ్గర, ఎందుకంటే నిజాం సంస్థాన సైన్యంలోని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ మలయాలోని కోట బారు విమానాశ్రయం కాపలాలో ఉంది, 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మొట్టమొదట దిగింది ఆ తీరంలోనే. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయాక వేల మంది భారతీయ సైనికులు ఖైదీలయ్యారు. జపాన్ క్యాంపుల్లో ఖైదీ నంబర్లకు ఒకే నమూనా లేదు, చెక్క ముక్క, గుడ్డ ముక్క, దొరికిన రేకు, క్యాంపును బట్టి ఏదైనా కావచ్చు. మీ ఇంట్లో రంధ్రం పెట్టిన ఒక చెక్క బిళ్ళ మీద అంకెలు చెక్కి ఉంటే, పిల్లల ఆటబొమ్మ అనుకుని పొయ్యిలో పెట్టకండి.

నాలుగో రకం కూడా ఉంది, ఖైదీలు ఖాళీ సమయంలో తినే డబ్బా రేకుతో, నాణెంతో చేతితో చెక్కుకున్నవి. గీతలు వంకరటింకరగా ఉంటాయి, ఒక్కోసారి ఊరి పేరు, భార్య పేరు, ఒక పువ్వు. సైన్యం లెక్కల్లో ఇవి ఉండవు, చాలామంది వీటిని పట్టించుకోరు, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి ఇవే, ఎందుకంటే నంబరు వాళ్లు ఇచ్చారు, ఇది మాత్రం ఆయన చేతి రాత.

పేరు దగ్గర మన వాళ్లు పడే పొరపాటు ఒకటి చెప్పాలి. బిళ్ళ మీదో కాగితం మీదో 19 హైదరాబాద్ రెజిమెంట్ అని ఉంటే మన హైదరాబాద్ మనిషే అని సంబరపడతారు. పేరు హైదరాబాద్ కంటింజెంట్ అనే పాత దళం నుంచి వచ్చిందే గానీ, రెండో యుద్ధం నాటికి దాంట్లో ఎక్కువగా కుమావ్ కొండ ప్రాంతం వాళ్లు, జాట్లు, అహీర్లు ఉండేవాళ్లు, 1945లో దాని పేరే కుమావ్ రెజిమెంట్‌గా మారింది. దానికీ, నిజాం సంస్థానం సొంత సైన్యానికీ సంబంధం లేదు. ఈ ఒక్క తేడా తెలియక ఏళ్ల తరబడి తప్పు చోట వెతుకుతారు.

లోహం ఏదో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి

గీకి చూడొద్దు, ఆకురాయి పెట్టొద్దు, బంగారం షాపులో యాసిడ్ చుక్క వేయించొద్దు. అయస్కాంతం దగ్గరికి తెండి, లాగితే ఇనుము. లాగకపోతే చేతిలో బరువు చూడండి. మనం సిల్వర్ గిన్నెలు అని పిలిచే అల్యూమినియం ఎంత తేలికో ఇంట్లో అందరికీ తెలుసు, అదే సైజు జింక్ ముక్క దానికి రెండున్నర రెట్లు బరువు ఉంటుంది. జింక్ రంగు మసక బూడిద, మీద తెల్లటి పొడి చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఇత్తడి సంగతి చెప్పక్కర్లేదు. బరువు కచ్చితంగా కావాలంటే బంగారం షాపు త్రాసు మీద పెట్టించండి, కానీ బిళ్ళ మీ చేతిలోంచి వాళ్ల చేతిలోకి పోనివ్వకండి, మన వాళ్లు ప్రేమగా "ఒక్క నిమిషం సార్, మెరుగు పెట్టిస్తా" అని లోపలికి తీసుకుపోతారు.

చెరిగిన అంకెలు చదవడానికి పసుపు, సుద్ద, విభూతి పూయడం కంటే మొబైల్ టార్చే మేలు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, బిళ్ళను నల్ల గుడ్డ మీద పెట్టి, టార్చిని పక్క నుంచి, దాదాపు నేలకు ఆనించినట్టు పట్టుకుని వేయండి, పల్లంలో నీడ పడి అంకె లేస్తుంది. టార్చిని చుట్టూ తిప్పుతూ నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి, వెనక వైపు కూడా, ఎందుకంటే పంచ్ దెబ్బకు వెనక ఉబ్బుతుంది, ముందు అరిగిపోయినది వెనక కనిపిస్తుంది. మా బిళ్ళ మీద మిగతా అంకెలన్నీ నాకు దొరికింది ఇలాగే.

నిజందా, కాపీనా

ఇంట్లో దొరికిన వాళ్లకు ఈ భాగం పెద్దగా అక్కర్లేదు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో ఆన్‌లైన్‌లోనో కొందామనుకునే వాళ్లు మాత్రం ఆగి చదవండి. స్టాలాగ్ బిళ్ళలకు కాపీలు విపరీతంగా తయారవుతున్నాయి, ముఖ్యంగా సినిమాల వల్ల పేరొచ్చిన క్యాంపులవి. అసలుది ఒక్కొక్క అక్షరం పంచ్ పెట్టి సుత్తితో కొట్టింది, అక్షరాలు ఒక వరుసలో సరిగ్గా ఉండవు, ఒకటి లోతు, ఒకటి తేలిక. అన్ని అక్షరాలూ గీత గీసినట్టు సమంగా, ఒకే లోతులో ఉంటే అనుమానించండి. రంధ్రం దగ్గర చూడండి. మా బిళ్ళ రంధ్రానికి పై అంచు మాత్రమే ఒక పక్కకు అరిగి నున్నగా అయింది, ఏళ్ల తరబడి తాడు అక్కడే రాసుకుంది మరి. కాపీ మీద అరుగు అంతటా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే దాన్ని మెడ కాదు, యంత్రం అరగదీసింది.

అయితే పాత ఖాళీ రేకు మీద కొత్తగా నంబరు కొట్టినవీ ఉన్నాయి, వాటిని కంటితో పట్టుకోవడం చాలా కష్టం. అందుకే ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం, కథ ఏమీ లేని బిళ్ళను ఎంత తక్కువకు వచ్చినా కొనొద్దనే చెబుతాను. అమెరికన్ బిళ్ళల పక్కన ఉండే చిన్న నొక్కు శవం పళ్ల మధ్య పెట్టడానికి అని చెప్పి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, అది అచ్చు యంత్రంలో బిళ్ళ సరిగ్గా కూర్చోవడానికి పెట్టిన నొక్కు, ఆ కథ చెప్పాడంటే ఆ దుకాణం వదిలేయండి.

తోమాలా వద్దా

వద్దు. నా సమాధానం ఇదే, కానీ ఎందుకో లోహాన్ని బట్టి చెప్పాలి, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లు వినరు.

జింక్‌కు చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ శత్రువులు. పులుపులో ఉన్న ఆమ్లం జింక్‌ను తినేస్తుంది, ఇత్తడి చెంబు మీద మురికిని మాత్రమే తీసే పులుసు ఇక్కడ రేకునే కరిగిస్తుంది, అంకెల అంచులు ముందు పోతాయి. మా బిళ్ళకు జరిగింది ఇదే. అల్యూమినియం పులుపుకీ లొంగుతుంది, సోడాకీ, సున్నానికీ, బట్టల పౌడరుకీ లొంగుతుంది. ఇత్తడి బిళ్ళను తోమితే మెరుస్తుంది నిజమే, కానీ పాతబడి పట్టిన ముదురు రంగు లోహాన్ని కాపాడే పొర, దాన్ని తీసేస్తే వెంటనే మళ్లీ నల్లబడుతుంది, మళ్లీ తోముతారు, పదేళ్లలో పేరు అరిగిపోతుంది. పెంబర్తి పనివాళ్లకు ఇత్తడి గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, వాళ్ల పని మీద నాకు అంత గౌరవం ఉంది, అయినా సరే బిళ్ళను మెరుగుకు మాత్రం వాళ్ల దగ్గరికి కూడా తీసుకుపోవద్దు. మెరుపు కొత్త వస్తువుకు అందం, దీనికి నష్టం.

ఫైబరు బిళ్ళకు నీళ్లే తగలకూడదు. ఉబ్బుతుంది, పొరలు విడిపోతాయి, ఎండాక వంకర తిరుగుతుంది. ఉప్పు కాగితంతో రుద్దడం, అరగదీయడం అసలు చేయొద్దు. చెక్కకూ అంతే.

మరి దుమ్ము? మెత్తని, కొత్త పెయింటింగ్ బ్రష్‌తో పొడిగా దులపండి, చాలు. జింక్ మీది తెల్లపొడి వదులుగా ఉన్నంత వరకే దులపండి, గట్టిగా అంటుకున్నది వదిలేయండి. లోహం మీద నూనె జిడ్డు ఉంటే మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను చెవి పుల్ల దూదికి అద్ది తుడవచ్చు, ఫైబరు మీద, చెక్క మీద, రంగు వేసిన దాని మీద అది కూడా వద్దు. చేతులు తుడుచుకునే శానిటైజరు పనికిరాదు, దాంట్లో నీళ్లు, గ్లిజరిన్ కలిసి ఉంటాయి. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని చెప్తారు, నూనె దుమ్మును పట్టుకుని జిగురవుతుంది, ఇత్తడి మీద ఆకుపచ్చగా కూడా తేలుతుంది.

మాలాగే ఇప్పటికే పులుసులో పడిపోయి ఉంటే భయపడి మళ్లీ తోమకండి. డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడిగి పులుపు పూర్తిగా పోగొట్టి, మెత్తని గుడ్డతో అద్ది, ఫ్యాను గాలికి బాగా ఆరనివ్వండి. బోరు నీళ్లు వద్దు, మన నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఇత్తడి మీద లేత ఆకుపచ్చ పొడి తుడిచినా తుడిచినా మళ్లీ వస్తుంటే అది లోపలి జబ్బు, ఇంటి వైద్యం పనిచేయదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కన్సర్వేషన్ లాబ్ ఉంది, అలాంటి చోటి నిపుణుల్ని ముందు ఫోన్లో అడిగి, ఫోటోలు పంపి, అప్పుడు వెళ్లండి.

తాడు గురించి మాత్రం ఇంకొక్క మాట. మురికి తాడు, తుప్పు పట్టిన గొలుసు, కుట్టిన గుడ్డ సంచి, దేన్నీ విడదీయకండి. ఆ ముడి ఆయన వేసుకున్నది. మా ఇంట్లో ఆ తాడు ఆ రోజే మున్సిపాలిటీ చెత్త బండిలో పోయింది, నాకు అంకె కంటే దాని బాధే ఎక్కువ.

ఎక్కడ పెట్టాలి

నలుగురు నాలుగు చెబుతారు, పూజ గది, గోడ మీద ఫ్రేము, బ్యాంకు లాకరు, బీరువా.

పూజ గదిలో పెట్టాలనిపించడం నాకు అర్థమవుతుంది, మా నాయినకూ అదే కోరిక. కానీ దీపం మసి, కర్పూరం పొగ, పసుపు కుంకుమలు, చల్లే నీళ్లు, ఇవన్నీ రేకుకు చేటు. మేము బిళ్ళను పెద్దగా ఫోటో తీయించి, ఆ ఫోటోను పెద్ద తాత ఫోటో పక్కన పెట్టాం, ఆయనకు దండ వేసేటప్పుడు దానికీ బొట్టు పెడతాం. నాయిన ఒప్పుకున్నాడు.

ఫ్రేము కట్టించేవాళ్లు మఖమల్ గుడ్డ, అట్ట, జిగురు, వెనక ప్లైవుడ్ వాడతారు. ప్లైవుడ్ నుంచి, ఎండీఎఫ్ నుంచి, చవక అట్ట నుంచి ఏళ్ల తరబడి ఆమ్లపు ఆవిరి వస్తూనే ఉంటుంది, గాజు వెనక మూసిపెట్టిన జింక్ ఆ ఆవిరిలోనే నానుతుంది. జిగురుతో అంటించారంటే ఇక తీసేటప్పుడు చీలికల దగ్గర విరుగుతుంది. చూపించుకోవాలంటే నకలు చేయించి దాన్ని ఫ్రేము కట్టించండి, వెనక నకలు అని స్పష్టంగా రాయించండి, లేకపోతే మీ మనవళ్లు దాన్నే అసలుదనుకుంటారు. లాకరు దొంగల నుంచి కాపాడుతుంది, తేమ నుంచి కాపాడదు, పైగా ఏళ్ల తరబడి ఎవరూ తెరిచి చూడరు. దీనికి లాకరు అవసరం లేదు.

నా ఓటు బీరువాకే, కానీ ఉత్తగా కాదు. బీరువా ఇనుముది అయి ఉండాలి, టేకు పెట్టె కాదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా కొనండి, అడుగున త్రిభుజంలో 5 అంకె ఉన్నది మంచిది, 3 ఉన్నది పీవీసీ, అది వద్దు, కొత్త చెప్పుల వాసన వచ్చే మెత్తటి కవర్లు కూడా పీవీసీనే. లోపల ఆమ్లం లేని తెల్ల కాగితం పరిచి బిళ్ళను పడుకోబెట్టండి, నిలబెట్టొద్దు, మధ్య చీలికల మీద బరువు పడకూడదు. పక్కన సిలికా జెల్ సంచి. నీలం రంగుది గులాబీకి, నారింజ రంగుది ఆకుపచ్చకు తిరిగితే అది తేమతో నిండిందని అర్థం, మార్చండి. న్యూస్ పేపరు చుట్టడం, రబ్బరు బ్యాండు వేయడం, నాఫ్తలీన్ గోళీలు పడేయడం, సెల్లో టేపు అంటించడం, ఇవేవీ చేయొద్దు. డబ్బాలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టుకుంటే ఇంకా మేలు, తేమ 50 శాతానికి తక్కువ ఉంటే లోహానికి హాయి. చెక్క, ఫైబరు బిళ్ళలకు సిలికా జెల్ కొద్దిగా చాలు, మరీ ఎండబెడితే పగులుతాయి, అందుకే వాటిని లోహంతో ఒకే డబ్బాలో పెట్టకుండా వేరు డబ్బాలో పెట్టి, రెండు డబ్బాలకూ ఒకే చీటీ రాసి పక్కపక్కనే ఉంచండి.

వరంగల్‌లో తేమ అనగానే అందరూ వానాకాలం అంటారు. మే నెలలో నీళ్ల కూలరు రోజంతా నడిచే గది అంతకంటే ప్రమాదం, మర్చిపోవద్దు.

కాగితాలు కూడా దొరికితే, డిశ్చార్జి సర్టిఫికెట్టో, రెడ్‌క్రాస్ కార్డో, జెరాక్స్ సెంటరుకు తీసుకుపోయి లామినేషన్ చేయించొద్దు. దయచేసి వద్దు. వేడికి కాగితంలో దిగిన ప్లాస్టిక్ మళ్లీ రాదు, కాగితం లోపలే పసుపెక్కి పొడవుతుంది. స్కాన్ చేయించి విడిగా దాచండి.

మనిషిని వెతకడానికి ఏ దారి

ఆయన ఖైదులోనో యుద్ధంలోనో చనిపోయి ఉంటే మొదట కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ చూడండి, ఉచితం, వెంటనే సమాధానం దొరుకుతుంది. సింగపూర్ క్రాంజీ స్మారకం మీద 24 వేలకు పైగా పేర్లున్నాయి, వాటిలో మన దేశం వాళ్లు ఎంతోమంది. పేరు ఇంగ్లీషులో పది రకాలుగా రాసి ఉంటుంది, కాబట్టి సర్వీసు నంబరుతో వెతకడం మేలు. కానీ బతికి వచ్చిన వాళ్లు అందులో ఉండరు.

బతికి వచ్చిన వాళ్లకు జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ పురాలేఖలే దారి. మొదటి యుద్ధం ఖైదీల కార్డులు, జాబితాలు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా చూడొచ్చు. 1916లో మెసొపొటేమియాలోని కూత్‌లో లొంగిపోయిన వాళ్ల వారసులు, బెర్లిన్ దగ్గర వ్యూన్స్‌డోర్ఫ్ క్యాంపులో ఉన్నవాళ్ల వారసులు అక్కడ మొదలుపెట్టాలి. రెండో యుద్ధానికి మాత్రం దరఖాస్తు పెట్టాలి, ఏడాదిలో కొన్నిసార్లే, పరిమిత సంఖ్యలో తీసుకుంటారు, కోటా తెరిచిన రోజే పెట్టకపోతే మళ్లీ తర్వాతి విడతే. బిళ్ళ నంబరు, పేరు, పుట్టిన ఏడు, తండ్రి పేరు, దళం, ఇవన్నీ ముందే ఒక కాగితం మీద సిద్ధంగా పెట్టుకోండి.

సంస్థాన సైన్యం అయితే తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాలేఖాగారం చూడాలి, నిజాం కాలపు రికార్డులు అక్కడే ఉన్నాయి, ఎక్కువగా ఉర్దూ, ఫార్సీల్లో ఉంటాయి. మన దగ్గర ఉర్దూ చదివే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, ఇంట్లో కాగితాలేమైనా ఉంటే వాళ్లకు ఇప్పుడే చూపించండి. ఇండియన్ సైన్యమైతే రెజిమెంట్ కేంద్రానికి ఉత్తరం రాయండి, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, ఇంజినీరింగ్ దళమైన మద్రాస్ శాపర్లకు బెంగళూరు, కుమావ్‌కు రాణీఖేత్. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఎవరికి ఎలా రాయాలో చెబుతారు. మొదటి యుద్ధం పతకాలుంటే చాలావాటి అంచు మీద చుట్టూ నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి, బిళ్ళ మీద చెరిగింది అక్కడ దొరకొచ్చు.

ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టి అడగాలనుకుంటే నంబరులో రెండు అంకెలు కప్పి పెట్టండి, నకిలీలు చేసేవాళ్లకు అసలు నంబరు, అసలు పేరు దొరికితే పండగే.

ఉంచుకోవాలా, ఇవ్వాలా, అమ్మాలా

మీ ఇంటి మనిషిదే అయితే, చూసుకునే వాళ్లు ఒక్కరైనా ఉంటే, ఉంచుకోండి. డబ్బాలో ఒక చీటీ పెట్టండి, ఎవరిది, ఎక్కడ దొరికింది, ఎవరు చెప్పారు, ఏ తేదీన రాశారు, పెన్సిలుతో. చీటీ లేని బిళ్ళ మీ తర్వాతి తరానికి ఉత్త రేకే.

పిల్లలందరూ అమెరికాలో ఉండి చూసేవాళ్లు లేకపోతే మ్యూజియం మంచిది, రెజిమెంట్ మ్యూజియం ఇంకా మంచిది, ఎందుకంటే అక్కడ ఆ దళం చరిత్ర తెలిసినవాళ్లు ఉంటారు. ఇచ్చే ముందు రాతపూర్వకంగా తీసుకోండి, దానం ఇచ్చినట్టు కాగితం, వస్తువు నంబరు, మీ కుటుంబం చూడాలంటే చూపిస్తారా లేదా. కాగితం ఇవ్వని చోట ఇవ్వకండి. బిళ్ళ ఇచ్చి కాగితాలు ఉంచుకోవడం, కాగితాలిచ్చి బిళ్ళ ఉంచుకోవడం కూడా వద్దు, ఇస్తే అన్నీ కలిపే.

మీది కాని బిళ్ళ, వేరే మనిషి పేరున్నది, మీ చేతికి వచ్చి ఉంటే ఆ కుటుంబాన్ని వెతికి ఇచ్చేయడమే నాకు సరైన దారి అనిపిస్తుంది. అమ్మకం గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు, అలాంటిదాన్ని దేశం దాటించడం నేరం. మొదటి యుద్ధం బిళ్ళలకు వందేళ్లు ఎప్పుడో దాటాయి, విదేశీ కొనుగోలుదారుడు పోస్టులో పంపమంటే పంపకండి.

మా బిళ్ళ ఇప్పుడు బీరువాలో కింది అరలో ఉంది, డబ్బా మూత మీద అత్తమ్మే తన చేత్తో "ముట్టుకోవద్దు" అని రాసింది. జెనీవా దరఖాస్తుకు కాగితం సిద్ధం చేసిపెట్టాను. నంబరు దగ్గర రెండు వరుసలు రాశాను, ఒకటి చివర 3తో, ఒకటి 8తో.